ఏడు గెలుపులు, నాలుగు నియోజకవర్గాలు: ఆనం రామనారాయణరెడ్డి ఎన్నికల లెక్క

క్లుప్తంగా: నెల్లూరు జిల్లా నేత ఆనం రామనారాయణరెడ్డి 1983 నుంచి 2024 వరకు ఏడుసార్లు శాసనసభకు గెలిచారు. టీడీపీ నుంచి మూడుసార్లు, కాంగ్రెస్ నుంచి మూడుసార్లు, వైసీపీ నుంచి ఒకసారి. నియోజకవర్గాలు నాలుగు: నెల్లూరు, రాపూరు, ఆత్మకూరు, వెంకటగిరి. బయటికి ఇది పార్టీలు మారిన కథ. ఏళ్లవారీగా, మండలాలవారీగా చూస్తే మాత్రం నియోజకవర్గాల పునర్విభజన, రాష్ట్రమంతా వీచిన గాలి, పార్టీల ఇన్‌ఛార్జ్ పద్ధతి కలిసి నడిపిన కథగా కనిపిస్తుంది.

2019 ఎన్నికల్లో ఆయన వెంకటగిరి నుంచి వైసీపీ ఎమ్మెల్యే. 2024 జూన్ 4న ఓట్లు లెక్కించాక ఆత్మకూరు నుంచి టీడీపీ ఎమ్మెల్యే, వారం తిరిగేసరికి దేవాదాయ శాఖ మంత్రి. ఈ రెండు గెలుపుల మధ్య పార్టీ సస్పెన్షన్ ఒకటి, స్పీకర్ వేసిన అనర్హత వేటు ఒకటి ఉన్నాయి. అనర్హత పడిన మనిషి మూడు నెలల్లోపే మళ్లీ నామినేషన్ ఎలా వేశారు, వెంకటగిరి వదిలి ఆత్మకూరుకే ఎందుకు వెళ్లారు, ఇన్ని పార్టీలు మారినా జనం ఎలా గెలిపిస్తున్నారు అన్న ప్రశ్నలు నెల్లూరు రాజకీయం గురించి మాట్లాడే ప్రతిచోటా వినిపిస్తూనే ఉన్నాయి.

గెలిచిన ఏళ్లు, గెలవని ఏళ్లు

తెలుగుదేశం పుట్టింది 1982 మార్చిలో. మరుసటి జనవరి ఎన్నికల్లో ఆ పార్టీ తరఫున నెల్లూరు నుంచి గెలిచిన రామనారాయణరెడ్డికి అప్పటికి ముప్పై ఏళ్లు. 1985 మధ్యంతర ఎన్నికల్లో రాపూరుకు మారి మళ్లీ గెలిచారు. ఎన్టీఆర్ మంత్రివర్గంలోనూ పనిచేశారు. ఆ తర్వాత పద్నాలుగేళ్ల పాటు గెలిచినవారి జాబితాలో ఆయన పేరు లేదు. 1989లో రాష్ట్రం కాంగ్రెస్ వైపు తిరిగింది. 1994లో టీడీపీ వైపు తిరిగేనాటికి ఆయన కాంగ్రెస్‌లో ఉన్నారు. ఆ రెండు ఎన్నికల్లోనూ గాలి ఆయనకు ఎదురుగానే వీచింది.

1999, 2004ల్లో రాపూరు నుంచి, 2009లో ఆత్మకూరు నుంచి గెలిచారు. మూడూ కాంగ్రెస్ టికెట్ మీదే. 2014లో కాంగ్రెస్‌లోనే ఉండి ఆత్మకూరులో ఓడారు. 2019లో వెంకటగిరి, 2024లో ఆత్మకూరు.

ఈ వరుసను రాష్ట్ర ఫలితాల పక్కన పెడితే అసలు సంగతి బయటపడుతుంది. ఏడు గెలుపుల్లో ఆరు, ఆయన పార్టీ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన ఏడాదివే. 1985లో టీడీపీకి 294లో 202 సీట్లు వచ్చాయి. 2004లో కాంగ్రెస్‌కు 185, 2009లో 156. 2019లో వైసీపీకి 175లో 151. 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికి 164. మినహాయింపు 1999 ఒక్కటే. ఆ ఏడాది టీడీపీ 180 సీట్లతో అధికారం నిలబెట్టుకుంది, కాంగ్రెస్ 91 దగ్గర ఆగిపోయింది. అయినా రాపూరులో కాంగ్రెస్ అభ్యర్థిగా ఆయన గెలిచారు. పక్కనే నెల్లూరులో ఆయన సోదరుడు వివేకానందరెడ్డి కూడా అదే పార్టీ నుంచి గెలిచారు. సొంత బలం ఎంత అని ఎవరైనా అడిగితే చూపించదగ్గ ఎన్నిక అదొక్కటే. మిగతా ఆరింటిలో సొంత బలం ఎంత, గాలి ఎంత అన్నది విడదీయడం కష్టం.

దీన్నిబట్టి గాలి ఎటు వీస్తే అటు దూకే నాయకుడని తేల్చేయడం కూడా తొందరపాటే. 2014లో కాంగ్రెస్ నావ మునుగుతోందని జిల్లాలో చిన్న కార్యకర్తకు కూడా తెలుసు. అయినా ఆయన అందులోనే ఉండి పోటీ చేశారు. ఆ తర్వాత అధికారంలో ఉన్న టీడీపీలో చేరినా అక్కడున్న రెండున్నరేళ్లలో చట్టసభలో చోటు దక్కలేదు. లెక్క కుదిరిన సందర్భాలు ఉన్నాయి, తప్పినవీ ఉన్నాయి. తప్పినవి జనానికి గుర్తుండవు, అంతే తేడా.

రాపూరు మాయమైంది, రాపూరు ఓటరు మాయం కాలేదు

ఆయన నియోజకవర్గాలు మారడానికి పార్టీ మార్పుల కంటే పెద్ద కారణం పునర్విభజన. 2008 పునర్విభజన ఉత్తర్వులకు ముందు ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 11 శాసనసభ స్థానాలు ఉండేవి. ఆ తర్వాత 10 అయ్యాయి. అల్లూరు, రాపూరు నియోజకవర్గాలు రద్దయ్యాయి. నెల్లూరు పట్టణ జనాభా పెరగడంతో పాత నెల్లూరు నియోజకవర్గం సిటీ, రూరల్ అని రెండుగా చీలింది. అంటే 2004లో రాపూరు నుంచి గెలిచి, 2007 నుంచి రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో ఉన్న నాయకుడికి 2009 నాటికి పోటీ చేయడానికి సొంత సీటే లేదు. ఆత్మకూరు వెళ్లింది అందుకే. ఆ అడుగుకు పార్టీ మార్పుతో సంబంధం లేదు. కాంగ్రెస్‌లోనే ఉన్నారు, కాంగ్రెస్‌లోనే గెలిచారు.

రద్దయిన రాపూరు ఎక్కడికి పోయిందన్నది ఇంకా ముఖ్యం. కొత్త వెంకటగిరి నియోజకవర్గంలో ఆరు మండలాలు చేరాయి: వెంకటగిరి, డక్కిలి, బాలాయపల్లి, సైదాపురం, రాపూరు, కలువాయి. కండలేరు జలాశయం, పెంచలకోన నరసింహస్వామి క్షేత్రం ఉన్న రాపూరు మండలం పేరుకు వెంకటగిరిలో కలిసింది గానీ, అక్కడి జనానికి పాతికేళ్లుగా పరిచయమైన నాయకుడు ఆనమే. 2019లో వైసీపీ ఆయన్ను వెంకటగిరికి పంపినప్పుడు, కొత్త చోట కొత్త మనిషిని దించారని కొందరు అన్నారు. అందులో సగమే నిజం. వెంకటగిరి పట్టణానికి, చేనేత వాడలకు ఆయన కొత్త కావచ్చు. నియోజకవర్గంలో మరో భాగం ఆయన పాత ఇల్లు. ఆ ఎన్నికలో సిట్టింగ్ ఎమ్మెల్యే కురుగొండ్ల రామకృష్ణ మీద ఆయనకు 38 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. రామకృష్ణ అంతకుముందు 2009, 2014ల్లో టీడీపీ నుంచి వరసగా గెలిచిన అభ్యర్థి. 2014లో జిల్లా అంతటా వైసీపీ ఏడు, టీడీపీ మూడు గెలిస్తే, ఆ మూడింటిలో వెంకటగిరి ఒకటి.

పటం మీద చూస్తే ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పడమటి మెట్ట ప్రాంతాలు. కోవూరులాంటి పెన్నా డెల్టా పల్లెల రాజకీయం వేరు, ఇక్కడి రాజకీయం వేరు. సోమశిల నీళ్లు కాలువలో ఎప్పుడు వదులుతారు, కండలేరు నుంచి ఎంత పంపుతారు, చెరువులకు నీళ్లు చేరతాయా అన్నవే ఇక్కడ ఎన్నికల మాటలు. 1983లో నెల్లూరు పట్టణం నుంచి గెలిచిన తర్వాత ఆయన మిగతా ఆరు గెలుపులూ ఈ మెట్టలోవే. నాలుగు నియోజకవర్గాలు అంటే జిల్లా అంతా తిరిగినట్టు అనిపిస్తుంది. నిజానికి తిరిగింది ఒకే పట్టీలో.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఈ పట్టీ ఇంకోసారి చీలింది. వెంకటగిరి పట్టణం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. రాపూరు, కలువాయి, సైదాపురం మండలాలను మాత్రం అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉంచారు. అలా ఒకే నియోజకవర్గానికి ఇద్దరు కలెక్టర్లు అయ్యారు. లోక్‌సభకు వచ్చేసరికి అందరూ తిరుపతి ఓటర్లే.

ఇంటిపేరు ఎంతవరకు పనిచేస్తుంది

నెల్లూరు రాజకీయాన్ని కుటుంబాల పేర్లతో చెప్పుకోవడం పాత అలవాటు. ఆనం, నేదురుమల్లి, నల్లపరెడ్డి, మేకపాటి, మాగుంట. పార్టీ పేరు తర్వాత వస్తుంది. ఆనం కుటుంబంలో ముందుతరం నేత ఏ.సి. సుబ్బారెడ్డి పేరు ఇవాళ నెల్లూరు స్టేడియం మీద, ప్రభుత్వ వైద్య కళాశాల మీద కనిపిస్తుంది. వివేకానందరెడ్డి 1999, 2004ల్లో నెల్లూరు నుంచి, 2009లో నెల్లూరు రూరల్ నుంచి ఎమ్మెల్యే అయ్యారు. 2018 ఏప్రిల్‌లో ఆయన మరణించారు.

ఇంటిపేరు చేసే పని ప్రధానంగా ఒకటే. మండలాల్లో ద్వితీయ శ్రేణి నాయకులను పట్టి ఉంచుతుంది. మాజీ సర్పంచులు, సొసైటీ అధ్యక్షులు, కాంట్రాక్టులు చేసుకునేవాళ్లు, కులపెద్దలు పార్టీతో కంటే కుటుంబంతో ఎక్కువ కట్టుబడి ఉంటారు. నాయకుడు కండువా మారిస్తే వాళ్లూ మారుస్తారు. 'ఆనం వర్గం', 'మేకపాటి వర్గం' అన్న మాటలకు అర్థం ఇదే. అందువల్ల ఏ పార్టీ అయినా ఇలాంటి నాయకుణ్ని చేర్చుకుంటే ఒక్క మనిషిని కాదు, తయారుగా ఉన్న ఒక యంత్రాంగాన్ని చేర్చుకున్నట్టు.

ఆ యంత్రాంగం హద్దు ఎక్కడో 2014 చూపించింది. అప్పటికి రామనారాయణరెడ్డి చిన్న నాయకుడేమీ కాదు. 2010 చివర్లో ఏర్పడిన కిరణ్‌కుమార్‌రెడ్డి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. ఉమ్మడి రాష్ట్రానికి చివరిగా 2014 ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్ బడ్జెట్ ప్రవేశపెట్టింది ఆయనే. సిట్టింగ్ ఎమ్మెల్యే, సీనియర్ మంత్రి, పెద్ద కుటుంబం. ఇవన్నీ ఉన్నా రాష్ట్ర విభజన మీద జనం కోపం ముందు నిలవలేదు. నవ్యాంధ్రలో కాంగ్రెస్‌కు ఒక్క అసెంబ్లీ సీటూ రాలేదు. ఆత్మకూరులో పోటీ వైసీపీ, టీడీపీల మధ్యే నడిచింది. వైసీపీ అభ్యర్థి మేకపాటి గౌతమ్‌రెడ్డి 31,412 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆయన తండ్రి రాజమోహన్‌రెడ్డి అదే ఎన్నికలో నెల్లూరు ఎంపీగా గెలిచారు. వర్గం పట్టి ఉంచేది నాయకులను. ఓటరు పార్టీ గుర్తునే వద్దనుకున్న రోజున ఆ పట్టు ఓట్లుగా మారదు.

ఎమ్మెల్యే ఉండగా ఇన్‌ఛార్జ్

కాంగ్రెస్ నుంచి టీడీపీకి, 2018 సెప్టెంబరులో జగన్ పాదయాత్ర సమయంలో వైసీపీకి వచ్చిన ఆయన 2019 తర్వాత మంత్రి పదవి ఆశించారన్నది రాజకీయ వర్గాల్లో అందరూ అనుకున్న మాట. జిల్లా నుంచి మొదట అనిల్‌కుమార్ యాదవ్‌కు జలవనరులు, గౌతమ్‌రెడ్డికి పరిశ్రమలు దక్కాయి. 2022 ఏప్రిల్ పునర్వ్యవస్థీకరణలో కాకాణి గోవర్ధన్‌రెడ్డికి వ్యవసాయం వచ్చింది. మాజీ ఆర్థిక మంత్రి వెనక బెంచీలోనే ఉండిపోయారు. 2022 చివరికి రోడ్లు, తాగునీరు, నిధుల గురించి ఆయన సొంత ప్రభుత్వాన్నే బహిరంగంగా విమర్శించడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో పార్టీ వెంకటగిరి బాధ్యతలను మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి కుమారుడు రాంకుమార్‌రెడ్డికి అప్పగించింది.

ఇన్‌ఛార్జ్ పదవి రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే పదవికి ఉన్న బరువులో చాలా భాగం ఇప్పుడు దాంట్లోనే ఉంది. ఎమ్మెల్యేను తీసేసే అధికారం పార్టీకి లేదు. అందుకని ఎమ్మెల్యేను అలాగే ఉంచి, ఆ పదవికి ఉన్న పనులను మరొకరికి మళ్లిస్తుంది. బదిలీల సిఫార్సులు, పనుల మంజూరు, కేడర్ సమావేశాలు, మండల స్థాయి పదవుల పేర్లు అన్నీ ఇన్‌ఛార్జ్ ద్వారా వెళ్తాయి. అధికారులకు కూడా ఎవరి మాట వినాలో వెంటనే అర్థమవుతుంది. వచ్చే ఎన్నికల్లో టికెట్ ఎవరిదో జనానికి ముందే తెలిసిపోతుంది. ఈ పద్ధతి ఏ ఒక్క పార్టీదో కాదు, అధికారంలో ఉన్న పార్టీ చేతిలో మాత్రం మరింత పదునుగా పనిచేస్తుంది.

నియోజకవర్గానికి అప్పుడు ఇద్దరు ఉంటారు. ఒకరికి ఓటు వేసిన జనం ఇచ్చిన పదవి, మరొకరికి పార్టీ ఇచ్చిన పెత్తనం. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలని ఎమ్మెల్యే పార్టీకి చాలా ప్రమాదకరం అవుతారు, ఎందుకంటే శాసనసభలో ఓటు మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంటుంది. రెండు నెలల తర్వాత జరిగింది అదే.

22 ఓట్ల లెక్క

2023 మార్చి 23న ఎమ్మెల్యే కోటా కింద శాసనమండలికి ఏడు స్థానాలకు ఎన్నిక జరిగింది. వైసీపీ ఏడుగురిని నిలబెట్టింది. టీడీపీ పంచుమర్తి అనురాధను దించడంతో పోటీ తప్పలేదు.

ఈ ఎన్నికలో ఒక్కో ఎమ్మెల్యే అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యం వేస్తారు. గెలుపుకు కావలసిన కోటాను, పోలైన ఓట్లను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపిన దానితో భాగించి తేలుస్తారు. 175ను 8తో భాగిస్తే 21.875. కాబట్టి 22 మొదటి ప్రాధాన్య ఓట్లు వస్తే గెలుపు ఖాయం. ఏడుగురు గెలవాలంటే 154 కావాలి.

వైసీపీకి సొంతంగా 151 మంది. టీడీపీ నుంచి దగ్గరైన నలుగురు, జనసేన నుంచి ఒకరు కలిపితే 156. ఇందులో రామనారాయణరెడ్డి, నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి అప్పటికే బహిరంగంగా దూరమయ్యారు. ఇద్దరిని తీసేస్తే మిగిలేది సరిగ్గా 154. ఒక్క ఓటు జారినా చిక్కే. టీడీపీకి 23 మంది ఎమ్మెల్యేలు ఉన్నా, నలుగురు దూరం కావడంతో చేతిలో ఉన్నవి 19.

అనురాధకు వచ్చినవి 23. అంటే 19కి నాలుగు కలిశాయి. వైసీపీ అభ్యర్థుల్లో ఐదుగురికి తలా 22, ఇద్దరికి తలా 21 పడ్డాయి. ఆ ఇద్దరిలో ఒకరు రెండో ప్రాధాన్య లెక్కింపులో గట్టెక్కారు, ఒకరు ఓడారు. మొత్తం కలిపితే 175, ఒక్క ఓటూ చెల్లకుండా పోలేదు. మరుసటి రోజు వైసీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది: ఆనం, కోటంరెడ్డి, ఉదయగిరి ఎమ్మెల్యే మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి, గుంటూరు జిల్లా తాడికొండ ఎమ్మెల్యే ఉండవల్లి శ్రీదేవి. నలుగురిలో ముగ్గురు ఉమ్మడి నెల్లూరు జిల్లావాళ్లే. 2019లో పదికి పది సీట్లు ఇచ్చిన జిల్లాలోనే అధికార పార్టీకి మొదటి చీలిక వచ్చింది. పదికి పది గెలవడంలో ఉన్న ఇబ్బంది కూడా ఇదే కావచ్చు. పెద్ద కుటుంబాలన్నీ ఒకే గొడుగు కిందికి వస్తే, ఉన్న రెండు మూడు పదవులు ఎవరికని సర్దుతారు?

అనర్హత వేటు దేనిని ఆపుతుంది, దేనిని ఆపదు

పాఠకులు ఎక్కువగా తికమకపడే చోటు ఇది. ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నిక రహస్య ఓటింగ్. ఎవరు ఎవరికి వేశారో బ్యాలెట్ చెప్పదు. పార్టీలు ముందే ఒక్కో గుంపుకు ఒక్కో వరుస ఇచ్చి, ఆ వరుసను బట్టి అనుమానితులను పట్టుకుంటాయి తప్ప చట్టం ముందు పెట్టే రుజువు దొరకదు. పైగా ఇది సభలో జరిగే ఓటింగ్ కాదు. ఇలాగే సభలో జరిగే ఓటింగ్ కాని రాజ్యసభ ఎన్నికల విషయంలో, పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినంత మాత్రాన ఫిరాయింపు చట్టం కింద అనర్హత రాదని సుప్రీంకోర్టు 2006లో కుల్‌దీప్ నయ్యర్ కేసులో చెప్పింది.

కాబట్టి ఇలాంటి సందర్భాల్లో ఫిరాయింపును పట్టుకునే దారి రాజ్యాంగం పదో షెడ్యూల్‌లోని మరో నిబంధన. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే పదవి పోతుందని అది చెబుతుంది. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా నడవడికను బట్టి సభ్యత్వం వదులుకున్నట్టు తేల్చవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు అంది. మరో పార్టీ వేదికలెక్కడం, ఆ పార్టీ కార్యక్రమాలు నడపడం ఇందులోకి వస్తాయి. తీర్పు చెప్పాల్సింది స్పీకర్. ఎన్నాళ్లలో చెప్పాలన్న గడువు చట్టంలో లేదు.

2024 ఫిబ్రవరి చివర్లో స్పీకర్ తమ్మినేని సీతారాం ఒకేసారి ఎనిమిది మందిపై వేటు వేశారు. వైసీపీ నుంచి దూరమైన ఈ నలుగురు, టీడీపీ నుంచి దూరమైన వల్లభనేని వంశీ, కరణం బలరాం, మద్దాలి గిరి, వాసుపల్లి గణేశ్. టీడీపీ నలుగురు వైసీపీకి దగ్గరై అప్పటికే ఏళ్లు గడిచాయి. ఎన్నికల షెడ్యూలు రావడానికి కొన్ని వారాలే ఉంది. ఆ దశలో పడిన వేటుకు ఆచరణలో మిగిలే ప్రభావం చాలా తక్కువ.

ఫిరాయింపు అనర్హత ఆ సభలో ఆ పదవీకాలానికి సంబంధించినది. మళ్లీ పోటీ చేయకూడదని అది చెప్పదు. అనర్హత పడినవారు పదవీకాలం ముగిసేదాకా, లేదా తిరిగి గెలిచేదాకా, మంత్రి పదవి చేపట్టకూడదని మాత్రం రాజ్యాంగంలో ఉంది. మిగతా పదవీకాలం మొత్తం పోటీ చేయనివ్వకుండా స్పీకర్ ఆపలేరని 2019లో కర్ణాటక ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫిబ్రవరిలో అనర్హత పడిన ఆనం మే 13న పోలింగ్‌లో అభ్యర్థిగా ఉండటానికి, జూన్‌లో మంత్రిగా ప్రమాణం చేయడానికి అడ్డు లేకపోయింది ఇందుకే. నేర శిక్షల వల్ల వచ్చే అనర్హత వేరు, దానికి ఆరేళ్ల లెక్క ఉంటుంది. రెండింటికీ పేరు ఒకటే కావడంతో గందరగోళం.

ఆత్మకూరు అంకెలు చెప్పేది

2024లో టీడీపీ వెంకటగిరిని తన పాత అభ్యర్థి కురుగొండ్ల రామకృష్ణకే ఇచ్చింది. 2019లో ఆనం చేతిలో ఓడినది ఆయనే. ఓడించినవారూ ఓడినవారూ ఒకే పార్టీలోకి వచ్చినప్పుడు ఒకరు జరగాలి. ఆనం ఆత్మకూరుకు జరిగారు. రామకృష్ణ వెంకటగిరిలో నేదురుమల్లి రాంకుమార్‌రెడ్డిని ఓడించి గెలిచారు.

ఆత్మకూరులో మేకపాటి కుటుంబపు మెజారిటీలు చూడాలి. 2014లో గౌతమ్‌రెడ్డికి 31,412. 2019లో రాష్ట్రమంతా వైసీపీ గాలి వీచినా ఆయన ఆధిక్యం 22,276కు తగ్గింది. 2022 ఫిబ్రవరి 21న ఆయన మంత్రిగా ఉండగానే గుండెపోటుతో మరణించారు. ఆ జూన్‌లో జరిగిన ఉపఎన్నికలో సోదరుడు విక్రమ్‌రెడ్డి 82,888 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ అంకెను అప్పట్లో కొందరు పార్టీ బలంగా చదివారు. అది సరైన చదువు కాదు. టీడీపీ ఆ ఉపఎన్నికలో పోటీ చేయలేదు. రెండో స్థానం బీజేపీకి వచ్చింది. సానుభూతి, ప్రధాన ప్రత్యర్థి లేకపోవడం కలిస్తే వచ్చే మెజారిటీ తర్వాతి సాధారణ ఎన్నికకు కొలబద్ద కాదు.

2024లో ఆనం విక్రమ్‌రెడ్డిపై 7,576 ఓట్ల తేడాతో గెలిచారు. ఆయన గెలుపు ఎంత స్వల్పమో పక్క సీట్లు చూస్తే తెలుస్తుంది. నెల్లూరు సిటీలో నారాయణ ఆధిక్యం 72 వేలు దాటింది. కోవూరులో వేమిరెడ్డి ప్రశాంతిరెడ్డికి 54 వేలు దాటింది. పదికి పది టీడీపీ గెలిచిన ఉమ్మడి జిల్లాలో ఆత్మకూరు మెజారిటీ చిన్నవాటిలో ఒకటి. దీనికి రెండు కారణాలు ఊహించవచ్చు. ఒకటి, సంగం బ్యారేజీకి గౌతమ్‌రెడ్డి పేరే పెట్టిన నేపథ్యంలో మేకపాటి కుటుంబంపై అక్కడ మిగిలిన అభిమానం. రెండు, 2014 తర్వాత పదేళ్లు అక్కడ పోటీ చేయకుండా ఉండి ఎన్నికల ముందు తిరిగి రావడం. ఏది ఎంత అన్నది ఓట్ల పెట్టె చెప్పదు.

నలుగురిలో ఇద్దరికే టికెట్

క్రాస్ ఓటింగ్ (సొంత పార్టీని కాదని ఎదుటి పార్టీకి ఓటేయడం) ఆరోపణపై సస్పెండ్ అయిన నలుగురి తర్వాతి దారులు ఒకేలా లేవు. కోటంరెడ్డి సొంత సీటు నెల్లూరు రూరల్‌లోనే టీడీపీ టికెట్ మీద నిలబడి 34 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆనంకు టికెట్ దక్కింది, సీటు మారింది. చంద్రశేఖర్‌రెడ్డి సీటు ఉదయగిరిలో టీడీపీ కాకర్ల సురేశ్‌కు అవకాశం ఇచ్చింది. శ్రీదేవికి తాడికొండలో రాలేదు, అక్కడ తెనాలి శ్రవణ్‌కుమార్‌కు ఇచ్చారు. చేసిన సాయం ఒకటే అయినా ప్రతిఫలం ఒకటి కాదు. చేర్చుకునే పార్టీ చూసేది గతంలో చేసిన మేలును కాదు, ఆ సీటులో ఇప్పటికే తనకు గట్టి అభ్యర్థి ఉన్నారా, వచ్చే మనిషి వెంట ఎన్ని మండలాల నాయకులు వస్తారు అన్నదాన్ని.

అటు నుంచి ఇటు వచ్చినవారి సంగతీ చూడాలి. టీడీపీ నుంచి వైసీపీకి దగ్గరైనవారిలో వంశీ గన్నవరంలో, గణేశ్ విశాఖ దక్షిణంలో ఓడారు. ఒకప్పటి ప్రకాశం జిల్లాలోని చీరాలలో బలరాం తన బదులు కుమారుడు వెంకటేశ్‌ను నిలబెట్టినా గెలవలేదు. ఫిరాయించినవారిని జనం శిక్షించారనడానికి గానీ, క్షమించారనడానికి గానీ ఈ ఫలితాలు చాలవు. గాలి వీచే వైపు దూకినవాళ్లలో టికెట్ దక్కినవాళ్లు గెలిచారు, ఎదురు దూకినవాళ్లు ఓడారు. నెల్లూరులో ఇది మరీ మామూలు. 2019లో టీడీపీ నెల్లూరు రూరల్ అభ్యర్థిగా ప్రకటించిన ఆదాల ప్రభాకర్‌రెడ్డి కొద్ది రోజుల్లోనే వైసీపీలో చేరి అదే ఎన్నికలో నెల్లూరు ఎంపీ అయ్యారు. 2024లో వైసీపీ రాజ్యసభ సభ్యుడిగా ఉన్న వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి టీడీపీలో చేరి నెల్లూరు ఎంపీగా గెలిచారు.

ముందు చూడాల్సింది

మంత్రి పదవి వల్ల ఆత్మకూరులో ఆయన పట్టు పెరిగే అవకాశం ఉంది. సోమశిల, సంగం పనులకు నిధులు తేవడంలో మంత్రి మాటకు ఉండే విలువ వేరు. 7,576 ఓట్ల ఆధిక్యం ఉన్న సీటులో ప్రత్యర్థి కుటుంబానికి కూడా బలమైన యంత్రాంగం ఉంది కాబట్టి తర్వాతి ఎన్నిక తేలిగ్గా ఉండదు.

అంతకంటే పెద్ద విషయం సరిహద్దులు. శాసనసభ స్థానాల సంఖ్యను మార్చకూడదన్న నిబంధన 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వివరాలు వెలువడేదాకా అమల్లో ఉంటుంది. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచే మాట ఉన్నా, అదీ ఈ నిబంధనకు లోబడే ఉంది. జనగణన తర్వాత పునర్విభజన జరిగితే నెల్లూరు పటం మళ్లీ కొత్తగా గీస్తారు. 2008లో రాపూరు పేరు పోయింది. సీట్లు పెరిగే పక్షంలో కండలేరు, పెంచలకోన పక్క మండలాలు వెంకటగిరి నుంచి విడిపోయి సొంతంగా నియోజకవర్గం అవుతాయా, ఆత్మకూరులో కలుస్తాయా అన్నదాన్ని బట్టి ఆనం, మేకపాటి, నేదురుమల్లి కుటుంబాలు మూడూ తమ తర్వాతి సీటు వెతుక్కోవాల్సి ఉంటుంది.